ఒక కారణం, ఆరు డిట్టోలు

ఆరోగ్య శాఖలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. హెల్త్ అసిస్టెంటు అంటే సూదులు వేసేవాడని జనం అనుకుంటారు. సూదులు వేసేది నర్సమ్మ. నేను వేసినవి తక్కువ, రాసినవి ఎక్కువ. జ్వరాల రిజిస్టరు, దోమల రిజిస్టరు, నీళ్ల ట్యాంకుల రిజిస్టరు, ఇవన్నీ రాసి రాసి నా మధ్యవేలు మీద కాయ కాసింది. రెండేళ్ల కిందట గుండెకు స్టెంటు పడ్డాక ముందుగానే ఉద్యోగం వదిలేసి నంద్యాలలో ఇంటిపట్టున ఉంటున్నాను. వేలి మీద కాయ మెత్తబడింది. నేను రాసిన ఒక్క మాట మాత్రం మనసులో అట్లాగే ఉంది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటివాళ్లు మొన్న మా ఇంటికి వచ్చి, ఇప్పుడు అంతా ట్యాబులోనే అని చెప్పారు. కారణాలు కూడా అందులో ముందే ఉంటాయట. ఒకదాని మీద వేలు పెడితే చాలట. అంటే నేను కలం పట్టుకుని కష్టపడి చేసిన తప్పును మీరు వేలి కొసతో చేసేయవచ్చన్నమాట. అందుకే ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.

కరోనా వచ్చిన రెండో ఏడు, ఎండాకాలం. అప్పటికింకా నంద్యాల జిల్లా కాలేదు, మేమంతా కర్నూలు కిందే ఉన్నాం. ఆళ్లగడ్డకూ ఉయ్యాలవాడకూ మధ్య ఉన్న ఒక ఊరు నా పరిధిలోది. అరవై దాటిన వాళ్లలో టీకా వేయించుకోని వాళ్ల ఇంటింటికీ పోయి, ఎందుకు వేయించుకోలేదో కనుక్కుని రాయమన్నారు. పేజీలో పేరుకూ వయసుకూ బోలెడు చోటు ఉండేది. చివర ‘కారణం’ అన్న గడి మాత్రం రెండు వేళ్ల వెడల్పే.

పెద్దవాళ్లు ఒక నిర్ణయానికి వచ్చే తీరు ఆ రెండు వేళ్ల గడిలో పట్టదు. ఒకాయన చాగలమర్రిలో ఉన్న అల్లుడు ఫోన్ చేసి సరేనంటే గాని కదలనన్నాడు. ఒక ముసలమ్మ, సూది వేశాక ఎన్ని దినాలు చియ్యలు, అంటే మాంసం, తినకూడదో ముందు చెప్పమంది. కుట్టుమిషను పెట్టుకున్న సాయిబు ఒకాయన, రంజాను ఉపవాసంలో సూది వేయించుకుంటే ఉపవాసం చెల్లుతుందో లేదో మసీదులో అడిగి వస్తానని చెప్పి, నిజంగానే అడిగి, మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు. ఇవన్నీ వింటే ముచ్చటగా ఉండేది. కానీ వినడానికి టైముండాలి. రోజుకు నలభై ఇళ్లు తిరగాలి. మధ్యలో పైనుంచి ఫోన్లు.

ఒకరోజు ఉదయం ముందు ఊరి పెద్దాయన ఇంటికి పోయాను. డెబ్బై అయిదు దాటిన మనిషి, తరతరాలుగా భూములున్న ఇల్లు. అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

“ఏందప్పా సూదుల సారూ, ఇట్లొచ్చినావ్?”

“టీకా ఇంకా వేయించుకోలేదు కదా పెద్దాయనా.”

“నాకేం పుట్టింది ఏయించుకునేదానికి? రాయి తిని అరాయించుకునే ఒళ్లిది. పో పో. ఉండు, మజ్జిగ తాగి పో.”

మజ్జిగ తాగాను. ఆయన అరుగు మీదే కూర్చుని, ఆయన ఇచ్చిన మజ్జిగ తాగుతూ, ఆయన పేరు ఎదురుగా ‘ఊరిలో లేరు’ అని రాశాను. అంత పెద్దమనిషి వద్దన్నాడని రాయడానికి చెయ్యి రాలేదు. పైవాళ్లు చూస్తే మళ్లీ పోయి ఒప్పించమంటారు. ఊరిలో లేని మనిషిని ఎవరూ ఒప్పించమనరు.

తర్వాత చర్చి వీధి. మొదటి ఇల్లు టీచరమ్మది. మిషను బడిలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ. తలుపు దగ్గరే నిలబడి, “ఇప్పుడు ఏయించుకోను నాయనా” అంది. వెనక గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు వేలాడుతోంది. ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. “మా ఆయనకు...” అన్నంతవరకు విన్నాను. ఇంతలో ఫోను మోగింది. ఎన్ని ఇళ్లయ్యాయని ఆళ్లగడ్డ నుంచి అడుగుతున్నారు. ఫోను చెవికి పెట్టుకునే ‘మత విశ్వాసం’ అని రాసి, చేత్తోనే నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

ఆ వీధిలో మా జాబితాలో ఇంకో ఆరు ఇళ్లు ఉన్నాయి. కొన్ని తలుపులు వేసి ఉన్నాయి. కొన్నింట్లో వద్దన్నారు. ఎందుకని అడగలేదు, కారణం నాకు ముందే తెలుసుననుకున్నాను. టీచరమ్మ గడి కింద వరసగా ఆరు డిట్టోలు పెట్టాను. ఒక్కో డిట్టోకు రెండు చిన్న గీతలు. పన్నెండు గీతలతో ఆరు ఇళ్ల పని పూర్తయింది.

పేజీ ఫోటో తీసి మా శాఖ గ్రూపులో పెట్టాను. అక్కడినుంచి అది ఊరి గ్రూపులోకి ఎట్లా పోయిందో ఇప్పటికీ తెలియదు. ఎవరో మిగతాది కత్తిరించి ఆ ఏడు వరసలు మాత్రమే ఉంచారు.

నాలుగో రోజు ఆ ఊరి ఆశా కార్యకర్త మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. ఆమె ఇల్లు కూడా ఆ వీధిలోనే.

“ఏం రాసినావు సార్ మా ఈది గురించి?”

“ఏమైంది?”

“మిరపకాయలు ఏరేదానికి మా ఆడోళ్లను పిలుస్తాలేరు. మా వల్లనే రోగం వస్తాదంట. టీ అంగట్లో అందరికీ గాజు గ్లాసు, మావాళ్లకు మాత్రం పేపరు కప్పు. మా నాయన నిన్న టీ తాగకుండా లేచొచ్చినాడు.” ఆమె గొంతు పెంచలేదు. “మా పాస్టరయ్య మొదటి దినమే పోయి ఏపించుకొచ్చినాడు. ఆదివారం ఆరాధన అయినంక అందరికీ చెయ్యి చూపిచ్చినాడు. మతమని యాడ విన్నావ్ సార్ నువ్వు? ఎవరు చెప్పినారు?”

ఎవరూ చెప్పలేదు. రిజిస్టరు చంకలో పెట్టుకుని ఆమె వెంట బయలుదేరాను.

టీచరమ్మ ఈసారి లోపలికి రమ్మంది. కుర్చీ వేసింది. తర్వాత చెయ్యి చాపింది.

“ఇట్లియ్యి దాన్ని.”

ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని, పేజీని వెలుతురుకు తిప్పి, పైనుంచి కింది వరకు చదివింది.

“ఈ రాత ఎవరిది?”

“నాదే టీచరమ్మా.”

“అక్షరాలు గుండ్రంగా ఉండాయి. బాగుండాయి.” వేలితో డిట్టోలు లెక్కపెట్టింది. “ఏడు ఇండ్లకూ ఒకే కారణమా అబ్బీ? పరీక్షలో ఏడుగురు పిల్లోళ్లు ఒకే తప్పు రాస్తే ఏమంటాం మనం?”

“చూసి రాసినారంటాం.”

“నువ్వు దేన్ని చూసి రాసినావ్?”

నేను గోడ వైపు చూశాను. ఆవిడ నా చూపు వెంట చూసి క్యాలెండరు దగ్గర ఆగింది.

“ఓహో, దాన్నా? దాంట్లో తేదీలు పెద్దగా కనపడతాయని పెట్టుకున్నా. మందుల కొట్టాయన ఇచ్చింది చిన్నగా ఉంటే తీసేసినా.” ఆశా కార్యకర్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. “పోలియో చుక్కలు యాడ ఏసేవాడివి నువ్వు?”

“మీ బళ్లోనే.”

“ఆదివారం పూట ఆ బడి తలుపులు తీసింది ఎవరు?”

“మీరే.”

“ఎన్నేండ్లు?”

పదేళ్లకు తక్కువ కాదు. నా చుక్కల మందు పెట్టెకు చల్లటి మూల చూపించి, పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఏడ్చేవాళ్లకు బెల్లం ముక్క పెట్టిన మనిషి. ఆవిడ పేరు ఎదురుగా నేను ఆ మాట రాశాను.

అప్పుడు ఆవిడ లోపలి గది తెర తీసింది. మంచం మీద ఆవిడ భర్త. ఒకప్పుడు లారీ నడిపిన మనిషి, నిలువెత్తు ఒడ్డూపొడుగూ. పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది.

“రెండు గంటలకోసారి పక్కకు తిప్పాల. లేకుంటే పుండ్లు పడతాయి. అన్నం పెట్టాలన్నా, కడగాలన్నా లేపి కూచోబెట్టాల. సూది ఏయించుకున్నోళ్లకు రెండు దినాలు జొరం వస్తాందని ఊరంతా అంటాండారు. నాకు జొరం వచ్చి పడుకుంటే ఈయన్ని ఎవరు లేపుతారు? ఇంట్లో ఇద్దరమే. ఆ దినం నీకు చెప్పబోయినా. నీ ఫోను మోగింది.”

కారణం ఇదీ. మంచి కారణం. నేను ఉద్యోగంలో విన్న కారణాలన్నిటిలోకీ గట్టిది. అయితే ఆ వారంలోనే పక్క ఊళ్లలో జ్వరాలు మొదలయ్యాయి. టీకా లేకుండా ఈవిడకు ఆ జబ్బు వస్తే పడకన పడేది రెండు రోజులు కాదు. అప్పుడు ఆ మంచంలోని మనిషి సంగతేమిటి? ఆవిడకూ అది తెలుసు. రెండు వైపులా తూకం వేసి, ఎటూ తేల్చుకోలేక ఆగిపోయింది.

“ఆ రెండు రోజులూ నేనొస్తానమ్మా,” అన్నాను.

“నువ్వా? లేపుతావా ఈయన్ని?” ఎగాదిగా చూసింది. “లేపి చూపియ్యి.”

చంకల కింద చేతులు పెట్టి గుంజాను. మనిషి అంగుళం కదలలేదు, నా నడుం మాత్రం పట్టేసింది. టీచరమ్మ నన్ను పక్కకు జరిపి, ఆయన మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి భుజం కిందికి పోనిచ్చి, తన ఒంటి బరువునంతా వెనక్కి వాల్చింది. ఆయన లేచి కూర్చున్నాడు. “బలం కాదబ్బీ, వాటం.” నాలుగుసార్లు చేయించింది. మూడోసారికి నేను, ఆయన కలిసి దిండు మీద పడ్డాం. ఆయన ఎడమ చెంప వణికింది. నొప్పేమోనని భయపడ్డాను. “నవ్వుతాండాడు లే,” అంది ఆవిడ. “శాన్నాళ్లకు నవ్వినాడు.”

రిజిస్టరు తిరిగి ఇస్తూ ఒక పేజీ వెనక్కి తిప్పింది. పెద్దాయన పేరు దగ్గర ఆవిడ వేలు ఆగింది.

“ఊర్లో లేడా ఈయన? నిన్న మాపిటేల అరుగు మీద కూచోని వచ్చేపొయ్యే బస్సులు లెక్కపెడతాండె!”

ఆ కబురు ఆవిడే పంపిందో, ఆశా కార్యకర్త మోసుకుపోయిందో, మర్నాడు పొద్దున నేను ఊళ్లోకి అడుగుపెట్టగానే అరుగు మీది నుంచి కేక వినిపించింది.

“సూదుల సారూ! నేను ఊర్లో లేనంటనే? మా తాతలనాటి ఊర్లో, నా అరుగు మింద, నీకు మజ్జిగ పోసి గూడా నేను ఊర్లో లేనా?”

“తప్పయింది పెద్దాయనా.”

“వద్దన్నాడని రాయాల్సింది. నీకేం బయ్యం?”

“మీ మీద గౌరవంతో రాయలేదు.”

“చర్చి ఈది వాళ్ల మింద లేదా గౌరవం?”

ఆ ప్రశ్న ఆయన నోటి నుంచి వస్తుందనుకోలేదు. ఆయన కాసేపు మీసం దువ్వుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“టీచరమ్మ ఏయించుకుంటాందా?”

“రేపు మన ఊరి సచివాలయంలో క్యాంపు. వస్తానన్నారు.”

“బయ్యం లేదంటనా ఆమెకు?”

అప్పుడు నాకు కాస్త అర్థమైంది. రాయి తిని అరాయించుకునే మనిషికీ భయమే. అడగ్గా అడగ్గా చెప్పాడు. మశూచి టీకాల వాళ్లు ఊరికి వచ్చిన రోజుల్లో వాళ్లమ్మ ఆయన్ని జొన్నల గాదెలో దాచిందట. వాళ్లు వెతికి పట్టుకుని, నలుగురు అదిమిపెట్టి చేతి మీద గీశారట. ఆ మచ్చ చూపించాడు, పావలా అంత. “అప్పటినుంచీ సూది చూస్తే నాకు కండ్లు తిరుగుతాయప్పా. ఎవరికన్నా చెప్పినావంటే చూడు మల్ల.”

క్యాంపు రోజు పది గంటలకే సచివాలయం ముందు జనం చేరారు. రెండు గుంపులుగా నిలబడ్డారు. చర్చి వీధి వాళ్లు వేపచెట్టు కింద, మిగతావాళ్లు మెట్ల మీద. మధ్యలో పదిహేను అడుగుల ఖాళీ జాగా. ఆ జాగా నేను గీసిన పన్నెండు గీతలంత స్పష్టంగా కనిపించింది నాకు.

ముందు రోజంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. తీరా నిలబడితే అన్నీ మర్చిపోయాను. “చర్చి వీధి వాళ్లు మతం వల్ల టీకా వద్దన్నారని రాసింది నేను. వాళ్లెవరూ అట్లా చెప్పలేదు. అడగకుండానే రాశాను. తప్పు నాది,” అన్నాను. అంతే. మెట్ల మీద ఒకాయన ఫోనులోకి చూసుకున్నాడు.

అప్పుడు పెద్దాయన చేతికర్ర తాటించుకుంటూ వచ్చాడు.

“విన్నారు గదా? నన్ను ఊర్లో లేనోణ్ణి చేసినాడు ఈ సారు. వాళ్లను సూదొద్దన్నోళ్లను చేసినాడు. కాగితంలో ఉండేదంతా నిజమైతే నేనిప్పుడు యాడుండాల?” అంటూ ఖాళీ జాగా దాటి పోయి, వేపచెట్టు కింద టీచరమ్మ పక్కన ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. జనం నవ్వారు. ముందు మెట్ల మీద, తర్వాత చెట్టు కింద.

పేరు పిలిచాక నర్సమ్మ సూది సిద్ధం చేసుకునేసరికి ఆయన మొహం పాలిపోయింది. టీచరమ్మ వంగి మెల్లగా అడిగింది.

“అన్నా, పదమూడో ఎక్కం వస్తాదా మీకు?”

“ఏందీ?”

“పదమూడో ఎక్కం. మీ పెద్దోడికి రాకుంటే ఎండలో నిలబెట్టినానని నా మిందికి కొట్లాటకొచ్చినారే. మీకు వస్తాదా అని.”

“ఎందుకు రాదు? పదమూడు ఒకట్ల పదమూడు. పదమూడు రెండ్ల ఇరవైయారు. పదమూడు మూళ్ల ముప్పైతొమ్మిది. పదమూడు నాలుగుల... నాలుగుల...”

“అయిపోయింది పెద్దాయనా,” అంది నర్సమ్మ, దూది అదుముతూ.

“యాభైరెండు!” అని అరిచాడాయన.

టీచరమ్మకు ఆవిడ భయపడినట్టే ఆ సాయంత్రానికి జ్వరం వచ్చింది. మర్నాడంతా ఉంది. ఆశా కార్యకర్త జావ కాచింది. నేను ఆయన్ని లేపాను, తిప్పాను, కూర్చోబెట్టాను. జ్వరంలో ఉండి కూడా ఆవిడ పక్క మంచం మీది నుంచి “మోకాలు మడువు, మోకాలు” అని చెబుతూనే ఉంది. మూడో రోజు పొద్దున నేను పోయేసరికి వాకిలి ఊడుస్తోంది. “లేచినా అబ్బీ. ఇంక నువ్వు పోయి రాసుకునే పని చూసుకో,” అంది. గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. ఆళ్లగడ్డ వచ్చే దారిలో బండి ఆపి, రెండు గ్లాసుల చెరుకురసం తాగాను.

తర్వాతి నెలలో జబ్బు ఆ ఊరికీ వచ్చింది. చర్చి వీధిలో మూడిళ్లలో వచ్చింది. టీచరమ్మకు నాలుగు రోజులు ఒళ్లునొప్పులు, దగ్గు. మాస్కు కట్టుకుని ఆయన్ని తిప్పుతూనే ఉంది. ఆయనకు సోకలేదు. అంతా సూది మహిమేనా అంటే నేను డాక్టరును కాను. ఆ వీధిలో ఎవరి ప్రాణమూ పోలేదు, అది మాత్రం చెప్పగలను. వాన పడ్డాక మంచం పట్టినవాళ్లకు ఇంటికే పోయి టీకా వేయమన్నప్పుడు మేము మొదట పోయింది ఆయన దగ్గరికే. ఎడమ చెంప మళ్లీ వణికింది.

జాబితా దిద్దమని ఆళ్లగడ్డలో మా పైఅధికారిని అడిగాను. మంచివాడే. “అది ఎప్పుడో పైకి పోయిందయ్యా. ఇప్పుడు కిందినుంచి మార్చలేం. నీ రిజిస్టరులో దిద్దుకో,” అన్నాడు. టీచరమ్మ ఎర్ర కలం ఇచ్చింది, దిద్దుకున్నాను. ఆ రిజిస్టరు ఇప్పుడు ఏ మూటలో ఉందో తెలియదు. పైకి పోయిన కాగితంలో మాత్రం ఏడు ఇళ్లకూ ఒకే కారణం అట్లాగే ఉంటుంది. ఎప్పుడో ఎవరో దాన్ని తీసి చూసి, ఆ వీధి వాళ్లు ఇట్లాంటివాళ్లని ఇంకో కాగితం రాస్తారు.

పోయిన నెల ఆళ్లగడ్డ పోయినప్పుడు టీచరమ్మను చూసి వచ్చాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని టీవీ చూస్తున్నాడు. ఆవిడ అడిగింది ఒకటే. “పైదాంట్లో దిద్దినారా?” లేదన్నాను. “అయితే నువ్వే యాడన్నా రాయి. పేర్లొద్దు. కారణాలు రాయి. చూడకుండా రాయి ఈసారి,” అంది.

రాస్తున్నాను. ఆయన్ని లేపడం నేర్చుకున్న మధ్యాహ్నం ఆవిడ ఇంట్లోంచి లేచి, ఒక్కో గడపకూ పోయి అడిగినవే ఇవి.

మొదటి ఇంటి కారణం చెప్పాను. రెండో ఇంటి ఆవిడ అప్పటికే నంద్యాలలో కూతురింట్లో వేయించుకుంది, చీటీ బియ్యం డబ్బాలో భద్రంగా ఉంది. మూడో ఇంటివాళ్లు మిరపకోతకు గుంటూరు వైపు పోయారని పక్కింటివాళ్లు చెప్పారు. నిజంగా ఊరిలో లేనిది వాళ్లే. నాలుగో ఇంట్లో ఫోను లేదు. ఫోను లేనివాళ్లకు వేయరని ఎవరో చెబితే నమ్మారు. అయిదో ఇంటి పెద్దావిడ, టీకా వేయించుకుంటే బీపీ మాత్రలు మానాలేమోనని ఆగింది. అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవాణ్ణి. ఆరో ఇంట్లో మొగుడూ పెళ్లాలు ముందు నువ్వంటే ముందు నువ్వని మూడు వారాలు వాదులాడుకున్నారు. చివరికి ఒకే రోజు, రెండు బల్లల దగ్గర, ఒకేసారి చెయ్యి చాపారు. ఏడో ఇంటి తాత మాత్రం నాకు ఇష్టం లేదన్నాడు. ఎందుకంటే ఎందుకూ లేదన్నాడు. అది కూడా కారణమే. రెండు నెలల తర్వాత తనంతట తానే నడిచి వచ్చి వేయించుకున్నాడు. అప్పుడూ ఎందుకో చెప్పలేదు.

ఇక ఊరి పెద్దాయన. ఆ రోజు ఊరిలోనే ఉన్నారు. సూదంటే భయం. ఈ సంగతి ఆయన అనుమతితోనే రాస్తున్నాను. అడిగితే, “రాసుకో పో. యాభైరెండు గూడా రాయి, అది నేను తప్పు చెప్పలా” అన్నారు.